వెనీలా వాళ్లది, నో బిడ్ మనదా?

గత నెల మా సంఘ కార్యాలయంలో ఒక వింత వేలం జరిగింది. వేలానికి పెట్టింది బేలు కాదు, అరచేతిలో ఇమిడే రేకు డబ్బా. మా సభ్యుడొకరి కొడుకు అమెరికాలో ఉద్యోగం చేస్తున్నాడు. సెలవులకు ఊరొచ్చినప్పుడు, "మనం పండించే పంటను అక్కడ ఎట్లా అమ్ముతున్నారో చూడండి" అని తెచ్చి బల్ల మీద పెట్టాడు. లోపల యాభై గ్రాముల పైపు పొగాకు. మూత మీద వెనీలా పువ్వు బొమ్మ. పన్నులతో కలిపి దాని ధరెంతో ఆ అబ్బాయి చెబితే లెక్క కట్టాం. మన ఫ్లోర్ మీద రెండు మూడు కిలోల మంచి ఆకు అమ్మితే గానీ ఆ యాభై గ్రాములు రావు.

మూత తీయగానే గదంతా పాయసం వాసన. ఆ రోజు మేం ఎనిమిది మందిమి ఉన్నాం. అందరం కనీసం ఇరవై ఏళ్లుగా బ్యారన్ కాల్చినవాళ్లమే. మాలో పెద్దాయన ఒకరు చిటికెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, "ఏందిరా అబ్బాయ్, ఇది పొగాకా, పెళ్లిలో పెట్టే ఐస్‌క్రీమా?" అన్నారు. అందరం నవ్వాం. ఆ తర్వాత ఆయన ఆ పీచును కాగితం మీద పరిచి, వేలితో ఒక్కో రకాన్నీ పక్కకు జరిపారు. పసుపు పచ్చని తునకలు వర్జీనియా. గోధుమ రంగులో పల్చగా, స్పాంజిలా ఉన్నవి బర్లీ. బొగ్గులా నల్లగా ఉండి తియ్యటి వాసన కొట్టేవి ఆవిరి పట్టి, అదిమి నల్లబరిచిన ఆకు, దాన్నే బ్లాక్ కావెండిష్ అంటారు. డబ్బా మీద ఏమీ రాసి లేకపోయినా ఆయన చేతులకు తెలిసిపోయింది.

అప్పుడే ఎవరికో ఆలోచన వచ్చింది. మన ఆకుకు బయ్యర్లు ఏ కొలతలు పెడతారో, ఆ కొలతలతోనే దీన్నీ చూద్దాం అని. చూశాం. రంగు: మూడు రంగులు కలిసి ఉన్నాయి, మిక్స్‌డ్ గ్రేడ్, నో బిడ్. తేమ: గుప్పిట్లో నొక్కితే ముద్దయి అట్లాగే ఉంది. ఫ్యాను కింద రాత్రంతా ఉంచినా తెల్లారేసరికి పూర్తిగా ఆరలేదు, నో బిడ్. పొగాకు కాని పదార్థాలు: చక్కెర పాకం, వెనీలా సారం, తేమ ఆరిపోకుండా పట్టి ఉంచే ప్రొపిలీన్ గ్లైకాల్. ఒక ప్లాస్టిక్ పోగు దొరికితేనే బేలు పక్కన పెట్టేసేవాళ్లు దీన్ని ఫ్లోర్ దరిదాపులకు రానిస్తారా? ఎనిమిది మందిమీ ఏకగ్రీవంగా చీటీ మీద నో బిడ్ అని రాసి డబ్బాకు అంటించాం.

ఇది సరదా కోసం రాయడం లేదు. ఈ డబ్బాకు వేలం కేంద్రాల్లో మనకు జరుగుతున్న దానికి సూటి సంబంధం ఉంది. మన ఆకు నేల మీద ఉన్నప్పుడు అందులో 'రుచి లేదు' అంటారు. అదే ఆకు డబ్బాలోకి చేరాక దాని రుచి గురించి పేజీలకు పేజీలు రాస్తారు. మధ్యలో ఏం జరిగింది? ఆ రుచి ఎవరు పెట్టారు, ఎక్కడ పెట్టారు, దానికి ధర ఎవరు తీసుకున్నారు? పొగాకు రైతు అడగాల్సిన ప్రశ్నలు ఇవి.

ముందు రుచి సంగతి చూద్దాం. వర్జీనియా ఆకు బ్యారన్‌లో ఎట్లా మారుతుందో మన సభ్యులకు చెప్పనక్కర్లేదు. మొదటి దశలో తక్కువ వేడి మీద ఆకు పసుపెక్కేటప్పుడు అందులోని పిండి పదార్థం చక్కెరగా మారుతుంది. తర్వాత వేడి పెంచి ఆకును, చివరగా ఈనెను ఆరబెడతాం. ఆ అయిదారు రోజులూ రాత్రిళ్లు లేచి థర్మామీటర్ చూసుకునేది మనం. వర్జీనియాలో సహజంగా ఉండే తీపి పుట్టేది అక్కడే. బర్లీ కథ వేరు. దాన్ని వారాల తరబడి నీడలో గాలికి ఆరబెడతారు. ఆ నెమ్మదితనంలో ఆకులోని చక్కెరంతా కరిగిపోతుంది. తీపి మిగలదు గానీ, ఏది పోస్తే అది పీల్చుకునే గుణం వస్తుంది. ఫ్యాక్టరీలో దాని మీద చక్కెర, కోకో, అతిమధురం కలిపిన పాకాన్ని పట్టిస్తారు. దీనికి 'కేసింగ్' అని పేరు. కోసి, ఆరబెట్టాక ఆఖర్న పైపైన చల్లే వెనీలా, రమ్ము, చెర్రీ వాసనలు 'టాప్ డ్రెస్సింగ్'. రుచి కలిపిన పైపు పొగాకులో ఎక్కువ భాగం పునాది ఈ బర్లీయే. అమెరికన్ తరహా సిగరెట్టులోనూ ఇది ఒక ముఖ్య భాగం. అంటే పీల్చుకునే గుణం పొలంలో, చావిడిలో వస్తే, పీల్చుకున్న సరుకు ఫ్యాక్టరీలో వచ్చింది. ధర మాత్రం మొత్తం రెండోదానికే.

అనుభవం ఉన్న పైపు ప్రియులే ఒక మాట ఒప్పుకుంటారు. బాగా వాసన పట్టించిన రకం డబ్బాలో ఘుమఘుమలాడుతుంది, గదిలో పక్కన కూర్చున్నవాళ్లకూ హాయిగా ఉంటుంది, తాగేవాడి నోటికి మాత్రం చాలాసార్లు వేడిగాలీ, నాలుక మంటా మిగులుతాయి. పైగా ఆ వాసన పైపు కొయ్యకు పట్టుకుని వదలదు. అందుకని అలాంటి రకాలకు వేరే పైపు పెట్టుకుంటారు. బాగుందో బాగాలేదో చెప్పడానికి వాళ్లకు ఒక పద్ధతి ఉంది. శుభ్రమైన పైపులో, ఒకటికి నాలుగైదుసార్లు, వేర్వేరు రోజుల్లో తాగి చూస్తారు. డబ్బా వాసన, నోటి రుచి, గదిలో మిగిలే వాసన, ఘాటు, తేమ, ఎట్లా కాలింది అని విడివిడిగా చెబుతారు. ఒక్కసారి చూసి తీర్పు చెప్పేవాణ్ణి తోటివాళ్లే ఎగతాళి చేస్తారు. తిన్నది అరక్క చేసే వ్యవహారం అని మనలో కొందరికి అనిపించవచ్చు. మాకూ మొదట అట్లాగే అనిపించింది. తర్వాత ఆలోచిస్తే కడుపు మండింది. యాభై గ్రాముల డబ్బాకు దక్కే ఓపిక, మర్యాద, మన ఏడాది కష్టానికి లేవే!

మన ఫ్లోర్ మీద ఏం జరుగుతుందో చూడండి. బేళ్లు వరసగా పేరుస్తారు. బయ్యర్ల గుంపు నడుచుకుంటూ పోతుంది. ఒక్కో బేలు దగ్గర ఆగేది కొన్ని సెకన్లు. నాలుగు ఆకులు లాగి చూడటం, చేతిలోని యంత్రం మీద ఒక అంకె నొక్కడం, లేదా ఏమీ నొక్కకుండా ముందుకు పోవడం. అంతే. నారుమడి నుంచి మొదలుపెట్టి తలలు తుంచి, పిలకలు తీసి, రెలుపు తర్వాత రెలుపు కోసి, కట్టెలకు అల్లించి, కాల్చి, మండె వేసి, గ్రేడ్ చేయించిన ఆకు కథ అక్కడితో ముగిసిపోతుంది. ఎందుకు కొనలేదంటే ఒక్కో రోజు ఒక్కో మాట. నిన్న తేమ, ఇవాళ రంగు, రేపు 'కంపెనీ నుంచి ఆర్డర్ లేదు'. ఆర్డర్ లేకపోవడం ఆకు తప్పా?

మా సభ్యుడొకరికి మొన్నటి సీజన్‌లో ఎదురైన అనుభవం ఇది. పొద్దున నో బిడ్ అయిన బేలును ఇంటికి తీసుకుపోయాడు. విప్పలేదు, మార్చలేదు, గోనె కూడా అదే. నాలుగు రోజులాగి మళ్లీ అదే కేంద్రానికి తెచ్చాడు. ఈసారి బిడ్ పడింది, ధర కూడా ఫర్వాలేదు. నాలుగు రోజుల్లో ఆ ఆకు ఏం నేర్చుకుని వచ్చిందో ఎవరూ చెప్పలేదు. రానుపోను ట్రాక్టరు కిరాయి, హమాలీ, రెండు రోజుల పని మాత్రం ఆయన ఖాతాలోనే పడ్డాయి. ఇట్లాంటివి ఒకటి రెండు కాదని కార్యాలయానికి వచ్చే ప్రతివారూ అంటున్నారు. కానీ కాగితం మీద సాక్ష్యం లేదు. ఎందుకంటే నో బిడ్‌కు కారణం రాసివ్వాలన్న అలవాటే ఫ్లోర్ మీద కనపడదు.

తప్పు మన వైపు అసలు లేదని అనం. పైన మంచి ఆకు, మధ్యలో తుక్కు పెట్టి బేలు కట్టినవాళ్లు మనలోనూ ఉన్నారు. తూకం కోసం నీళ్లు చల్లినవాళ్లూ ఉన్నారు. వాళ్ల వల్ల నిజాయితీగా గ్రేడ్ చేసిన రైతు దెబ్బ తింటున్నాడు. అలాంటి బేలును పట్టుకుని, అందరి ముందూ విప్పి, కారణం రాసి తిప్పి పంపండి, మేమూ పక్కన నిలబడతాం. ఒకడి పేరు చెప్పి వందమంది నోట్లో మట్టి కొట్టడమే మేం ఒప్పుకోనిది.

వేలం ఎందుకొచ్చిందో కొత్త తరానికి గుర్తు చేయాలి. అంతకు ముందు రైతు ఆకు తీసుకుని కంపెనీ డిపో దగ్గర పడిగాపులు పడేవాడు. కొనేవాడే గ్రేడు చెప్పేవాడు, కొనేవాడే ధర చెప్పేవాడు. పార్లమెంటు 1975లో పొగాకు బోర్డు చట్టం చేసింది. 1976 జనవరి 1న గుంటూరు కేంద్రంగా బోర్డు ఏర్పడింది. కర్ణాటకలో 1984లో, మన రాష్ట్రంలో 1985లో వేలం మొదలైంది. కొనేవాడి చేతిలోంచి తీర్పును తీసి బహిరంగ స్థలంలో పెట్టడమే వేలం ఉద్దేశం. నలభై ఏళ్లు గడిచాక స్థలం బహిరంగమే అయింది, తీర్పు మాత్రం మళ్లీ కొనేవాడి జేబులోకే చేరింది. బర్లీ రైతుకు ఆ బహిరంగ స్థలం కూడా లేదు. బోర్డు వేలం వర్జీనియాకే పరిమితం. నల్ల బర్లీ వేయమని ఊళ్లలో తిరిగి ప్రోత్సహించినవాళ్లు 2025లో కొనుగోలు వేళకు ముఖం చాటేస్తే, చివరికి ప్రభుత్వం మార్క్‌ఫెడ్‌ను రంగంలోకి దించాల్సి వచ్చింది. పాకం పీల్చుకునే ఆకు కావాలని అడిగినవాళ్లకు, ఆకు చేతికొచ్చాక దానిలో వంకలే కనపడ్డాయి. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్న సామెత మన పెద్దలు పొగాకు రైతును చూసే కట్టారేమో.

ఇప్పుడు ఇదే 'రుచి' మాట మీద సముద్రాల అవతల ఏం జరిగిందో చూస్తే వీళ్ల తీరు ఇంకా తేటతెల్లమవుతుంది.

అమెరికా 2009లో చట్టం చేసి, మెంథాల్ తప్ప మిగతా రుచులు ప్రత్యేకంగా తెలిసేలా కలిపిన సిగరెట్లను నిషేధించింది. పైపు పొగాకు జోలికి పోలేదు. అదే ఏడాది అక్కడ పొగాకు పన్నులూ మారాయి. చేత్తో చుట్టుకునే సిగరెట్ పొగాకు మీద కేంద్ర పన్ను పౌనుకు 24.78 డాలర్లు. పైపు పొగాకు మీద 2.83 డాలర్లు. ఆ వెంటనే ఓ మహిమ జరిగింది. నిన్నటిదాకా సిగరెట్ పొగాకుగా అమ్మిన సరుకు సంచుల మీద 'పైపు పొగాకు' అని పేరు మారింది. కొందరు పీచును కాస్త వెడల్పుగా కోశారు, కొందరు అదీ చేయలేదు. పైపు తాగేవాళ్లు ఒక్కసారిగా పుట్టుకు రాకపోయినా, లెక్కల్లో పైపు పొగాకు అమ్మకాలు కొన్నేళ్లలోనే ఎన్నో రెట్లు పెరిగాయి. రంగు రవ్వంత తేడా వస్తే ఇది ఈ గ్రేడు కాదు, ఆ గ్రేడు అని మనతో వాదించే ప్రపంచంలో, పన్ను తప్పుతుందంటే సంచి మీద అక్షరాలు మారిస్తే చాలు, ఆకు జాతే మారిపోతుంది.

ఐరోపా వాళ్లు 2014లో చట్టం చేసి సిగరెట్లలో, చుట్టుకునే పొగాకులో ప్రత్యేక రుచులు ఉండకూడదన్నారు. అక్కడా పైపు పొగాకుకు మినహాయింపు దొరికింది. మరి ఒక సరుకులో 'ప్రత్యేక రుచి' ఉందో లేదో తేల్చేది ఎట్లా? దానికోసం 2016లో రాతపూర్వకంగా నిబంధనలు పెట్టారు. స్వతంత్ర నిపుణుల కమిటీ, దాని కింద వాసన చూడటంలో శిక్షణ పొందిన బృందం, పోల్చి చూడటానికి రుచి కలపని నమూనాలు. ఎవరో ఒకరు ముక్కు చిట్లిస్తే చెల్లదు. కంపెనీ సరుకు మీద తీర్పు చెప్పాలంటే ఇంత తతంగం కావాలి. రైతు సరుకు మీద తీర్పుకు ఒక చూపు చాలు!

అసలు నాటకం 2010లో జరిగింది. పొగాకు నియంత్రణపై ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒప్పందం కింద ఉరుగ్వేలోని పుంటా డెల్ ఎస్తేలో దేశాలన్నీ సమావేశమయ్యాయి. రుచి కలిపే పదార్థాలను అదుపు చేయాలన్న మార్గదర్శకాలు చర్చకు వచ్చాయి. అప్పుడు పొగాకు పరిశ్రమ, దాని అండతో నడుస్తుందన్న పేరున్న అంతర్జాతీయ పొగాకు రైతుల సంఘం ఏమన్నాయి? పాకం పట్టించడం ఆపేస్తే బర్లీని ఎవరూ కొనరని, లక్షలాది మంది చిన్న రైతులు వీధిన పడతారని గగ్గోలు పెట్టాయి. మలావీలోని పేద రైతును ముందు నిలబెట్టి మాట్లాడాయి. చూశారా! చట్టం వస్తుందంటే ఆ రుచి రైతు బతుకైపోతుంది. ధర కట్టేటప్పుడు ఆ రుచితో రైతుకు సంబంధమే ఉండదు. మనం వాళ్లకు డాలుగా పనికొస్తాం గానీ, వాటాదారులుగా పనికిరాం.

ఇక్కడ ఒకటి స్పష్టంగా చెప్పుకోవాలి. పొగాకు మంచిదని మేం వాదించడం లేదు. దాని వల్ల వచ్చే జబ్బులు మన ఇళ్లలోనూ ఉన్నాయి. పచ్చి ఆకు కోసి, అల్లి తలతిరిగి వాంతులు చేసుకున్న ఆడకూలీలను మనమే ఇళ్లకు చేర్చాం. పిల్లలను మరిగించడానికి ఐస్‌క్రీము వాసనలు పూస్తామంటే ఆ నిషేధానికి మా సంఘం అడ్డు నిలవదు. కానీ ఆ ఒప్పందంలోనే పొగాకు రైతులకూ కూలీలకూ ప్రత్యామ్నాయ జీవనోపాధి చూపాలన్న 17వ అధికరణం ఉంది. మన దేశం దానికి 2004లోనే ఆమోదం తెలిపింది. హెచ్చరిక బొమ్మలు పెట్టెల మీద ఎంత పెద్దవయ్యాయో కళ్లారా చూస్తున్నాం. 17వ అధికరణం మన ఊరి పొలిమేర దాటి లోపలికి వచ్చిన దాఖలా మాత్రం కనిపించలేదు. శనగ వేయమంటారు. శనగకు ధర పడిపోయిన ఏడాది మళ్లీ మొహం చూపించరు. ప్రకాశం జిల్లాలో 2015లో పొగాకు ధరలు కుప్పకూలి రైతులు ప్రాణాలు తీసుకుంటే, ఆ ఇళ్లకు నాయకులొచ్చారు, ఫొటోలొచ్చాయి.

డబ్బా దగ్గరికి మళ్లీ వద్దాం. అదే బల్ల దగ్గర ఆ అబ్బాయి ఇంకో మాట చెప్పాడు. లూసియానాలోని సెయింట్ జేమ్స్ పారిష్ అనే చిన్న ప్రాంతంలో రైతులు ఆకును పీపాల్లో బరువు పెట్టి అదిమి, నెలల తరబడి మగ్గబెడతారు. 'పెరీక్' అని పేరు. మిరియాల ఘాటు, మాగిన పండు వాసన. ఎంత చిన్న పాలు కలిపినా డబ్బా మీద ఆ పేరు వేసి మరీ అమ్ముతారు. వినగానే మా పెద్దాయనకు గోదావరి లంకల పొగాకు గుర్తొచ్చింది. వరద మేట మీద పండి, ఎండలో ఆరి, మగ్గి, చుట్టగా మారే ఆకు. ఫలానా లంక ఆకు అంటే నోట్లో పెట్టుకోకుండానే గుర్తుపట్టే చుట్టరాయుళ్లు ఒకప్పుడు ప్రతి రచ్చబండ మీదా ఉండేవారు. రుచిని తీర్పు చెప్పే విద్య మనకు కొత్త కాదు. మన ఇసుక నేలల ఆకుకూ నల్లరేగడి ఆకుకూ రుచిలో తేడా ఉంది, మనకు తెలుసు, కంపెనీ బ్లెండర్లకు ఇంకా బాగా తెలుసు. అందుకే ఏ నేల ఆకు ఎంత కలపాలో లెక్క కట్టి మరీ కొంటారు. డబ్బా దాకా వెళ్లేసరికి ఆ నేల పేరు ఉండదు.

కాబట్టి బోర్డును, రెండు ప్రభుత్వాలను మేం అడుగుతున్నది దానం కాదు. నో బిడ్ అయిన ప్రతి బేలుకూ కారణం తెలుగులో రాసి, సంతకం పెట్టి, రైతు చేతికివ్వాలి. ఆ కారణంతో రైతు ఏకీభవించకపోతే అదే రోజు, అదే కేంద్రంలో, బయ్యర్లతో సంబంధం లేని మనిషి చేత మళ్లీ చూపించే హక్కు ఉండాలి. తేమ అంటే తేమ కొలిచే యంత్రం పెట్టి అంకె చూపాలి, చేత్తో నొక్కి కాదు. ప్రతి గ్రేడుకూ నమూనా ఆకు అద్దాల పెట్టెలో ఫ్లోర్ మీద అందరికీ కనపడేట్టు ఉంచాలి. కంపెనీలు సీజన్‌కు ముందు తమకెంత ఆకు కావాలో చెప్పి, ఆ మాట మీద బోర్డు పంట పరిమాణం నిర్ణయించాక, చివర్లో ఆర్డర్ లేదంటే దానికి పూచీ ఎవరిదో చట్టంలో రాయాలి. బర్లీని కూడా వేలం కిందికి తేవాలి. ఇవేమీ కొండ మీది కోతిని తెమ్మనడం కాదు. వెనీలా వాసన ఉందో లేదో తేల్చడానికి ఐరోపా పెట్టుకున్న దానిలో పదో వంతు శ్రద్ధ చాలు.

డబ్బా ఇప్పుడు కార్యాలయం బీరువాలో ఉంది, చీటీతో సహా. వచ్చే నెల వేలం కేంద్రం దగ్గర జరిగే మన సమావేశానికి దాన్ని తీసుకువెళ్లి, బల్ల మీద పెట్టి, ఇది ఏ గ్రేడో చెప్పమని అధికారులనే అడగాలని కార్యవర్గం తీర్మానించింది. ఈలోగా నో బిడ్ అయిన ప్రతి సభ్యుడూ బేలు నంబరు, తేదీ, నోటితో చెప్పిన కారణం, రానుపోను అయిన ఖర్చు ఒక తెల్ల కాగితం మీద రాసి కార్యాలయంలో ఇవ్వండి. రాయడం రాని వాళ్లు వచ్చి చెప్పండి, మేం రాసుకుంటాం.